నాలుగు కడియాల కుర్చీ

యోనా కూర్చోబోతుంటే వెనక నుంచి కాలితో కుర్చీ లాగేసింది రామ్‌చందరే. అది కూడా మండల పార్టీ సభలో, మైకు పక్కనే, ఎనిమిది వందల మంది చూస్తుండగా. గ్రామ కమిటీ అధ్యక్షుడిగా యోనా పేరు ప్రకటించింది పార్టీలోని మంత్రి గారి వర్గం. రామ్‌చందర్ ఎంపీ వర్గానికి మండలంలో పెద్ద దిక్కు. యోనా వేదిక మీద వెల్లకిలా పడ్డాడు. జనం నవ్వారు. పేరు ప్రకటించిన మంత్రి వర్గం వాళ్లు ఇంకాస్త ఎక్కువ నవ్వారు. అది మే నెల.

ఆ ఏడాది వానాకాలం నుంచి యోనా ఎక్కడికి వెళ్లినా సొంత కుర్చీ నెత్తిన పెట్టుకుని వెళ్లడం మొదలుపెట్టాడు.

అదేమీ మడత కుర్చీ కాదు. బీడీలకు పోయే తునికాకు కల్లంలో పనిలేని రోజుల్లో తానే చెక్కుకున్న చేతుల కుర్చీ. ఆ చేతుల కింద ఇటు రెండు, అటు రెండు ఇనుప కడియాలు. ఇవెందుకని అడిగితే యోనా నవ్వి ఊరుకునేవాడు. దాంతో జవాబు ఊరే చెప్పుకుంది. వాటికి గొలుసు వేసి నడుముకు కట్టుకుంటాడట, ఈసారి లాగినవాడు కూడా తనతో పాటు పడాలని.

చర్చికీ కుర్చీతోనే. బెంచీలున్నాయి కదా అని పాస్టరు అంటే, బెంచీ మీద కూర్చుంటే ఎవరి పక్కన కూర్చున్నానో మండలానికి కబురు పోతుందన్నాడు. ఒక పెళ్లిలో టెంట్‌హౌస్ వాళ్లు పొరపాటున ఆ కుర్చీని కూడా వ్యానులోకి ఎక్కించబోయారు. యోనా అందులో కూర్చుని లేవనన్నాడు. వాళ్లకు అవతల ఇంకో పెళ్లి ఉంది. కుర్చీతో పాటు మనిషినీ ఎక్కించుకుపోయారు. సాయంత్రం నాలుగు మైళ్లు నడిచి, నెత్తిన కుర్చీతో తిరిగొచ్చిన మొగుణ్ని చూసి సవరమ్మ ఒకటే మాట అంది.

"ముప్పై ఏండ్ల సంసారంల నన్ను ఒక్కనాడన్న గింత పైలంగ చూసినవా?"

ఇంక ఆ పార్టీ సంగతి. ప్రభుత్వం వాళ్లదే. జెండా ఒకటే. ఆఫీసులు మాత్రం రోడ్డుకు ఇటొకటి, అటొకటి. కార్యకర్త చచ్చిపోతే సంతాప సభలు రెండు. ఒకదానిలో పోయినవాడు మంత్రి మనిషి, రెండోదానిలో ఎంపీ మనిషి. ఎర్రవాగు మీద వంతెనకు ఆ ఒడ్డున మంత్రి వర్గం ఒక శంకుస్థాపన రాయి వేసింది. ఈ ఒడ్డున ఎంపీ వర్గం ఇంకో రాయి వేసింది. రెండు రాళ్ల మధ్య వంతెన ఉండాల్సిన చోట నీళ్లు పారుతూనే ఉన్నాయి. అవతలి ఒడ్డు అడవిలో ఇప్పలగుంపు, ముప్పై ఇళ్లు. ఓటరు జాబితాలో తప్ప ఆ ఇళ్లు ఎవరికీ కనపడవు.

రామ్‌చందర్ వాకిట్లో యోనా కుర్చీ దించాడంటే కబురు తెచ్చినట్టే. తనకంటే పన్నెండేళ్లు చిన్నవాడైనా నాయకుడు కాబట్టి అన్నా అనే పిలిచేవాడు.

"అన్నా, సుబ్బరత్నమక్క రేపు మీటింగ్ పెడ్తదంట."

సుబ్బరత్నం మండలాధ్యక్షురాలు, మంత్రి వర్గం.

"ఎందుకంట?"

"నీ పేరు తియ్యకుంట నిన్ను తిట్టనీకంట."

"పేరు తియ్యకపోతే నన్నే అని ఎట్ల తెలుస్తది?"

"అందరికీ తెలుస్తదన్నా. గదే కద బాధ."

ఆ తర్వాత రామ్‌చందర్‌కు అన్నం సయించేది కాదు. రేపే మనమూ పెడదామనేవాడు. యోనా కుర్చీ ఎత్తుకుని తిన్నగా రోడ్డు దాటి, సుబ్బరత్నం వాకిట్లో దించేవాడు. రామ్‌చందరన్న రేపు మీటింగ్ పెడుతున్నాడని చెప్పేవాడు. అప్పటికి అది నిజమే కదా. మర్నాడు రెండు సభలు, జనం కోసం అడవి ఊళ్లకు రెండు ట్రాక్టర్లు. ఒకరి మాటను ఒకరు ఖండించడం, ఆ ఖండనను ఇంకొకరు ఖండించడం. రెండు సభల్లోనూ ముందు వరసలో యోనా కుర్చీ. ఆలస్యంగా వచ్చేవాడు, చెమటతో తడిసి వచ్చేవాడు, వచ్చాక ఎవరు మాట్లాడినా హాయిగా నిద్రపోయేవాడు.

వానలు పడితే వర్గాల గొడవ ముదిరేది. ఎండలకు చల్లబడేది. జ్వరాల కాలంలోనే పార్టీలో పొట్లాట ఎందుకు పెరుగుతుందో ఖమ్మంలో ఏ పెద్దమనిషీ ఆలోచించలేదు. పడేసిన కసి యోనా ఇలా తీర్చుకుంటున్నాడని రామ్‌చందర్ అనుకునేవాడు. అనుకుని కూడా సభ మానలేకపోయేవాడు.

మరుసటి ఏడు ఆగస్టులో ఒకరోజు పదకొండయినా రామ్‌చందర్ ట్రాక్టరు రాలేదు. అవతల సుబ్బరత్నం మైదానం నిండుతోంది. అతను డ్రైవరును తిట్టడానికి మోటారుసైకిలు మీద స్వయంగా ఎర్రవాగుకు వెళ్లాడు.

ట్రాక్టరు ఒడ్డున ఆగి ఉంది. ఎక్కాల్సిన జనం వాగు వైపు చూస్తూ నిలబడి ఉన్నారు. రొమ్ముల లోతు నీళ్లలో నలుగురు మనుషులు, వాళ్ల భుజాల మీద రెండు వెదురు బొంగులు. ఆ బొంగులు కుర్చీకున్న నాలుగు కడియాల్లోంచి దూరి ఉన్నాయి. కుర్చీలో దుప్పటి కప్పుకుని వణుకుతున్న ముసలి సమ్మయ్య. ఒక బొంగు ముందు కొస కింద యోనా.

ఒడ్డుకు చేరాక ఊపిరి తీసుకోవడానికి కుర్చీని శంకుస్థాపన రాయి గద్దె మీద దించారు. ఆ రాయి మీద మూడో వరసలో రామ్‌చందర్ పేరుంది.

డ్రైవరు మోతీ దాచలేదు. ప్రతి మీటింగుకూ ఇంతేనన్నాడు. జనంతో పాటు ఇద్దరో ముగ్గురో రోగులు. ముందు దవాఖానాలో దించి, తర్వాత సభకు. తిరుగు ట్రాక్టరు సభ దగ్గరే కాబట్టి కుర్చీ కూడా అక్కడికే. మీటింగ్ లేకపోతే ఈ ఒడ్డుకు ట్రాక్టరే రాదు.

కుర్చీ వెనకే వాగు దాటి వచ్చిన ముత్తక్క చీర పిండుకుంటూ రామ్‌చందర్‌ను చూసింది. ఆమె గొంతులో కోపం లేదు.

"మా పెద్దబిడ్డ గీడనే పాయె. మంచం మీద మోసుకొస్తిమి. నీళ్లల్ల మంచం ఒరిగె. గా దినం నీ ట్రాక్టరు గీడనే ఉండె. నువ్వు మైకుల మాట్లాడ్తుంటివి."

ఈ రాయి వేసిన రోజు అది. పోయిన ఏడు ఆగస్టు. ముందు జనాన్ని ఎక్కించండి, తర్వాత చూద్దాం అని ఎవరో అన్నారు. ఆ అన్నది ఎవరో రామ్‌చందర్‌కు తెలుసు. మంచం వైపు తల కూడా తిప్పలేదని కూడా తెలుసు. కుర్చీ లాగింది మేలో. యోనా కుర్చీ ఎత్తుకున్నది ఆగస్టులో. ఆ మూడు నెలల తేడా ఊళ్లో ఎవరికీ తట్టలేదు. అందరూ వేదిక మీద పడినవాణ్నే గుర్తుపెట్టుకున్నారు.

అతను ఎవరినీ తిట్టకుండా వెనక్కి వెళ్లిపోయాడు. ఆ నెలంతా యోనా కబురు తేకముందే ఖండించడం మొదలుపెట్టాడు. ఏమీ దొరకనప్పుడు, సుబ్బరత్నం మౌనాన్ని ఖండిస్తూ ఒక సభ పెట్టాడు.

సెప్టెంబరులో పిడుగు పడింది. మంత్రి, ఎంపీ ఖమ్మంలో ఒకే వేదికెక్కి చేతులు కలిపి పైకెత్తారు. ఇక వర్గాల్లేవు, ఎవరూ విడిగా సభలు పెట్టకూడదన్నారు. ఊరూరా మిఠాయిలు పంచారు. రామ్‌చందర్‌కు ఖమ్మంలో ఒక డైరెక్టరు పదవి ఇచ్చారు. సామాన్లు ఎక్కించడానికి లారీ వచ్చింది.

సామాన్లు ఎక్కించిన మర్నాడు పొద్దున్నే రామ్‌చందర్ బస్టాండు దగ్గర మైకు పట్టుకుని సుబ్బరత్నాన్ని గంటసేపు తిట్టాడు. ఆమె మధ్యాహ్నానికి పోటీ సభ పెట్టింది. రెండు ట్రాక్టర్లు ఎర్రవాగుకు వెళ్లాయి. సాయంత్రానికి పార్టీ నుంచి సస్పెన్షన్ కాగితం వచ్చింది. అదే సాయంత్రం దవాఖానాలో ముత్తక్క చిన్నకూతురు శ్యామలకు ఆడపిల్ల పుట్టింది. మొదటి వార్త అన్ని పేపర్లలో వచ్చింది. లారీ ఖమ్మం బదులు మధిరకు, రామ్‌చందర్ అత్తగారి ఊరికి వెళ్లింది. అతను మళ్లీ ఇటు రాలేదు.

చేతికందిన పదవిని ఎందుకు కాలదన్నుకున్నాడని పెద్దలు చాలా రోజులు తర్కించారు. ఎంత ఇచ్చారు, ఎవరు ఇచ్చారు అన్నారు. కారణం మాత్రం, ఆ సభకు ముందురోజు మధ్యాహ్నం లారీ పక్కన కుర్చీ దించుకుని కూర్చుంది.

రామ్‌చందర్ ఆ రోజు మొదటిసారి లోపలికి వెళ్లి ఒక కుర్చీ తెచ్చి యోనా ముందు వేశాడు. యోనా దాన్ని చూసి, తనదాన్ని ఒకసారి తడుముకుని, అందులోనే సర్దుకున్నాడు.

"అందరు కలిసిపోయిన్రంట గద అన్నా."

"అవ్. కలిసిపోయినం."

"మంచిదే." యోనా లారీలోకి ఎక్కుతున్న బీరువా వైపు చూశాడు. "శ్యామలకు నెలలు నిండినయ్. వాగు నిండుగున్నది."

యోనా కుర్చీ చేతి కింద కడియాన్ని వేలితో తిప్పుతూ, బతిమాలుతున్నట్టు కాక సలహా చెబుతున్నట్టు అన్నాడు.

"పోయే ముందు అక్కతోని ఒక్కపారి కొట్లాడి పోరాదే అన్నా. పెద్దగ వద్దు. ఒక్క ట్రాక్టరు వచ్చే మందం చాలు."