మేస్త్రి నాటిన వంగమొక్క

తెల్లవారగానే మంచాన ఉన్న భర్తకు గోరువెచ్చని నీళ్ళు తాగించి, మాత్రలు వేసి, దిండు ఎత్తిపెట్టేది ఆమె. ఇప్పుడా మంచం మడిచి గోడకు ఆనించేశారు. అలవాటు పడ్డ ప్రాణం ఊరుకుంటుందా, చెంబు పట్టుకుని మిద్దె ఎక్కుతోంది.

మిద్దె మీద ఆయన నాటిన వంగమొక్కలున్నాయి. పేటలో కొందరు కలిసి, పైసా తీసుకోకుండా, ఇంటింటికీ వచ్చి మిద్దె తోటలు నేర్పుతున్నారు. కొళాయిల మేస్త్రిగా బతికిన ఆయన, మంచాన పడే ముందు వాళ్ళ దగ్గరే వంటింటి చెత్తతో ఎరువు చేయడం నేర్చుకుని, పాత బకెట్లలో నారు నాటాడు. కాయ చూడకుండానే పోయాడు.

ఆమె మొక్కలకు పొద్దున నీళ్ళు పోసేది, మధ్యాహ్నం పోసేది, సాయంత్రం మళ్ళీ పోసేది. ఆకు పసుపెక్కితే దాహమనుకుని ఇంకో చెంబు. ఆ బకెట్లలో చేపలు వదిలితే కూరకు లోటుండదని పక్కింటి వదిన గోడ మీంచి దెప్పింది. ఒక్కొక్కటే వాలిపోయి చివరికి ఒక్క మొక్క మిగిలింది. అదీ పోతే ఆయన చేత్తో పెట్టిన ప్రాణం ఆ ఇంట్లో మరొకటి లేదు.

ఆదివారం టైలరమ్మ వచ్చింది. వారమంతా బట్టలు కుట్టి, సెలవు పూట తోటపని నేర్పే మనిషి. చచ్చిన మొక్కను పీకితే వేరు నల్లగా, మెత్తగా కుళ్ళి ఉంది. బకెట్టు తిరగేసి చూసింది. నీళ్ళు పోవడానికి పనికొచ్చే పగుళ్ళన్నీ లక్కతో నున్నగా పూడ్చి ఉన్నాయి. కారే బకెట్టును చూసి ఊరుకోవడం ఆయన వల్ల ఎన్నడూ కాలేదు.

"మేస్త్రిగారు కారకుండా చేశారు, నువ్వు నింపావు. ఇద్దరూ ఇద్దరే అక్కా" అంది టైలరమ్మ.

ఆయన పోయాక ఆమె నవ్వడం అదే మొదలు. నవ్వుతుండగానే కళ్ళు నిండాయి. "నేనే చంపుకున్నానా?" అంది.

"బతికున్నదాని సంగతి చూడు. వేలు గుచ్చు, తడి తగిలితే పోయకు. ఎండకు ఆకు వాలినా కంగారు పడకు, చల్లబడ్డాక అదే లేస్తుంది."

మిగిలిన మొక్క బకెట్టుకు ఆయన పూడ్చిన చోట మేకు దించడానికి ఆమెకు చెయ్యి రాలేదు. టైలరమ్మే దించింది. మురిగిన నీళ్ళు బొటబొటా కారాయి.

మర్నాడు మధ్యాహ్నం ఆకులు వేలాడిపోయాయి. నీళ్ళు పోయవేమని పక్కింటి వదిన అడిగింది. ఆమె చెయ్యి కొళాయి దాకా వెళ్ళింది. ఆగి, మట్టిలో వేలు గుచ్చి చూసింది.

"తడిగానే ఉంది వదినా" అని, కొళాయి విప్పకుండా మొక్క పక్కనే కూర్చుంది.