మల్లు గుడ్డ జేబు

మా హాల్లో టీవీ పక్కన కొన్నాళ్ళుగా ఒక చిన్న కవరు పడి ఉంది. అందులో నా పాత చెవి మిషన్లు ఉన్నాయి. ఈమధ్య మా అమ్మాయి నన్ను అబిడ్స్‌లోని దుకాణానికి తీసుకెళ్ళి, పాతవి ఇచ్చి కొత్తవి తీసుకునే పద్ధతిలో కందిగింజంతేసి ఉన్న కొత్త జత ఇప్పించింది. కొత్తవాటికి చెవి అలవాటు పడేదాకా పాతవి ఒకరోజు ఉంచుకోండి, రేపు మా మనిషి వచ్చి తీసుకుపోతాడని దుకాణం వాళ్ళు ఎంతో మర్యాదగా చెప్పారు. ఆ మనిషి రాలేదు, ఫోనూ రాలేదు. "ఇడ్సిపెట్టమ్మా, వాళ్ళే మరిచిపోయిన్రు. పాతయి కూడ నీ దగ్గర్నే ఉంటయి" అంది మా అమ్మాయి. అడగందే అమ్మైనా పెట్టదని సామెత ఉంది గానీ, అడగనివాడికి ఇవ్వాల్సింది ఎగ్గొట్టవచ్చని మాత్రం ఏ సామెతా చెప్పినట్టు నాకు గుర్తులేదు.

నిజం చెప్పొద్దూ, నాకూ వాటిని వదులుకోవాలని లేదు. కొత్తవాటిలో ఫ్యాను చప్పుడూ, కుక్కరు కూతా, పక్కింటివాళ్ళ తలుపు గడియా అన్నీ సమానమైన పెద్దరికంతో వచ్చి చెవిలో కూర్చుంటాయి. పాతవి అరిగిన చెప్పులు కాలికి కుదిరినట్టు నాకు కుదిరిపోయాయి. అందుకే రోజూ ఆ కవరు చూడటం, రేపు చూద్దాంలే అనుకోవడం. అలా చూస్తూ చూస్తూ ఉండగానే మా నాయిన గుర్తుకొచ్చాడు, ఆయన వెనకే, ఎప్పటిలాగే, కొంగుతో చేతులు తుడుచుకుంటూ మా అమ్మ వచ్చింది.

అప్పుడు మేము నాంపల్లి స్టేషన్ వెనక సందులో రెండు గదుల కిరాయి ఇంట్లో ఉండేవాళ్ళం. రైలు వచ్చినప్పుడల్లా గూట్లో గ్లాసులు గలగలమనేవి, ఆ చప్పుడు పట్టనివాడు ఇంట్లో మా నాయిన ఒక్కడే. ఆయన అచ్చుయంత్రం పక్కన నిలబడి బతుకు వెళ్ళదీసినవాడు. జీతంతోపాటు ప్రెస్సు ఆయనకు చెవుడు కూడా ఇచ్చింది. మన ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో చెవి మిషనంటే చెవిలో దాగేది కాదు. అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్ద డబ్బా, అందులో ఒక పెన్సిల్ సెల్లు, దాన్నుంచి మెడ పక్కగా చెవి దాకా పాకే తెల్లటి వైరు. డబ్బా ముందువైపు ఉన్న సన్నటి చీలికల్లోంచి మాట లోపలికి పోతుంది కాబట్టి, నాయినతో ఏమన్నా చెప్పాలంటే ఆయన చెవిలో కాదు, ఆ డబ్బాతో చెప్పాలి. అంటే మా నాయిన చెవి ఆయన గుండె మీద ఉండేదన్నమాట.

మామూలు జేబులో పెడితే చొక్కా గుడ్డ రాసుకుని చెవిలో గరగరమనేది. అందుకని అమ్మ నాయిన పాత మల్లు పంచెలోంచి మెత్తని ముక్క కత్తిరించి ఒక చిన్న జేబు కుట్టింది. దాన్ని రోజూ ఉతికి ఆరేసి, పొద్దున్నే ఆయన తొడుక్కున్న చొక్కాకు సరిగ్గా గుండెల మధ్య రెండు పిన్నీసులతో గుచ్చేది. నాయిన చొక్కాలన్నిటికీ ఆ చోట రెండు సన్నటి బెజ్జాలు ఉండేవి. నాయిన పొడగరి, అమ్మ పొట్టి. ఆమె ఎదురుగా నిలబడి కాస్త తల వంచితే ఆమె నోరు సరిగ్గా జేబు దగ్గరికి వచ్చేది. డబ్బా మాటను పెద్దది చేస్తుంది కాబట్టి ఆమె గొంతు పెంచాల్సిన పని ఉండేది కాదు. అద్దెవాళ్ళు ఎక్కువ, గోడలు పలచన అయిన ఆ ఇంట్లో వాళ్ళిద్దరి సంసారమంతా అలా గుసగుసల్లోనే నడిచింది. కోపం వచ్చినా సరే, అమ్మ వంటింట్లోంచి నడిచి వచ్చి, ఆయన గుండెకు ఆనుకున్నంత దగ్గరగా నిలబడి తిట్టాల్సిందే. అంత దగ్గరికి వచ్చాక ఎవరైనా ఎంతసేపు తిట్టగలరు? నాయిన మరీ అల్లరిగా ఉన్న రోజున డబ్బా పక్కనున్న చిన్న చక్రం తిప్పి మిషన్ ఆపేసేవాడు. ఆ సంగతి అమ్మకు తిట్లన్నీ అయ్యాక గానీ తెలిసేది కాదు. దేవుడు మీకియ్యని బటను నాకిచ్చిండని, ఏటా జరిగే నుమాయిష్ ప్రదర్శనలో ఆ జనసముద్రపు లొల్లి మధ్య మిషన్ ఆపేసుకుని మమ్మల్ని చూసి నవ్వేవాడు.

నేను బషీర్‌బాగ్ కాలేజీలో డిగ్రీ చదువుతున్నప్పుడు మా అన్నకు లక్డీకాపూల్‌లో ఒక ఆఫీసులో నౌకరీ దొరికింది. నాయినకు మంచి మిషన్ కొనాలన్నది వాడి మొదటి కోరిక. అందులో ప్రేమ ఉంది, నలుగురిలో ఆ వైరు వేలాడటం చూసి పడే చిన్నతనమూ కొంచెం ఉంది. రెండూ ఒకే మనసులో ఉండటం వింతేమీ కాదు. అబిడ్స్‌లో పెద్ద పోస్టాఫీసుకు కాస్త ఇవతల ఉన్న దుకాణంలో, పాత డబ్బా ఇచ్చేస్తే ధర తగ్గించి, చెవి వెనక కూర్చునే జీడిపప్పంత మిషన్ ఇస్తామన్నారు. నాయిన ఇంట్లోనే డబ్బాను తుడిచి, చీలికల్లో ఇరుక్కున్న దుమ్మును పుల్లతో తీసి, కొత్త సెల్లు వేసి మరీ పట్టుకెళ్ళాడు. ఇచ్చేసేదానికి కొత్త సెల్లెందుకని అన్న నవ్వితే, సచ్చిన సెల్లుతోని ఇస్తే పుచ్చుకున్నోడు మిషనే సచ్చిందనుకుంటడు అన్నాడు. మల్లు గుడ్డ జేబు మాత్రం దుకాణం వాళ్ళు అడగలేదు. అది అమ్మ దగ్గరే ఉండిపోయింది.

ఆ తరువాత ఇంట్లో ఒక మార్పు వచ్చింది, అది ఏమిటో తెలియడానికి నాకు కొంత కాలం పట్టింది. ఎవరూ నాయిన దగ్గరికి వెళ్ళడం లేదు. నేను గుమ్మంలోంచే కాలేజీకి పోతున్నానని చెప్పేదాన్ని, అన్న మంచం మీద నుంచే మాట్లాడేవాడు, అమ్మ పొయ్యి దగ్గర నుంచే అడిగేది. నాయిన అన్నిటికీ నవ్వుతూ "ఔ" అనేవాడు. ఒకనాడు పప్పులో ఉప్పు ఎక్కువైందా తక్కువైందా అని అమ్మ అడిగితే దానికీ ఔ అన్నాడు. అమ్మ పకపకా నవ్వి, నవ్వుతూనే సగంలో ఆగిపోయింది. గరిటె పక్కన పెట్టి వచ్చి, ఆయన ముందు నిలబడి, మొహంలోకి చూసింది. ఆయన తల దించుకున్నాడు. చెవుడు ముదిరిన ఆయనకు ఆ చిన్న మిషన్ బలం చాలదు. లోపల ఏదో ఒక రొద తప్ప మాట వినపడటం లేదు. పిల్లగాడు మనసు పెట్టి తెచ్చిండు, చెప్తే సిన్నబోతడని ఎవరికీ చెప్పలేదు.

పాతది మళ్ళీ అడుగుదామని అమ్మ సైగ చేసింది. "ఇచ్చినంక మల్ల అడుగుతరానే? బదులుకు బదులు దీస్కున్నం" అన్నాడు నాయిన. కొత్తగా ఇంకో డబ్బా కొనడం అమ్మ పోపులడబ్బా పొదుపుకు అందే సంగతి కాదు, అన్నకు తెలియకుండా జరిగే సంగతి అంతకన్నా కాదు. అమ్మ వాదించలేదు. మరునాడు మధ్యాహ్నం నేను కాలేజీ నుంచి రాగానే చెప్పులు విడవనివ్వకుండా నన్ను బయలుదేరదీసింది. ఆమె చేతి సంచిలో మల్లు గుడ్డ జేబు మడత పెట్టి ఉంది, డబ్బాను అందులో పెట్టి భద్రంగా ఇంటికి తెచ్చుకోవాలని. అన్న ఆఫీసుకు వెళ్ళిన వేళల్లో నాయిన అది పెట్టుకోవచ్చు, వాడు వచ్చేసరికి తీసేయవచ్చు అని దారంతా నాకు చెబుతూనే ఉంది. అంత హుషారుగా నాంపల్లి నుంచి అబిడ్స్‌కు ఆమె ఎప్పుడూ నడవలేదు.

నాయిన సంగతి చెప్పగానే దుకాణం సేటు గుర్తుపట్టాడు, మంచివాడు. అమ్మ అడిగింది విని కాసేపు గడ్డం గోక్కుని, "మార్పిడిల ఇచ్చినంక గది దుకాణం సామానమ్మా. గాని మీరు పాత గిరాకి. డబ్బా గీడనే ఉంది, గాళ్ళకు జర పెట్టి చూపిస్తున్న, ఇంకా పక్కా కాలే. మీరు ఔ అంటె మీకే ఇచ్చేస్త, ఫికర్ లేదు" అని గోడ పక్కనున్న బల్ల వైపు చూపించాడు.

ఆ బల్ల దగ్గర ఖాకీ చొక్కా వేసుకున్న ఒక పెద్దమనిషి నిలబడి ఉన్నాడు. మా నాయిన డబ్బా పురికొస తాడుతో ఆయన మెడలో వేలాడుతోంది. ఎదురుగా ఆయన భార్య, ఆమె కూడా పొట్టిదే, తల వంచి ఆ డబ్బాతో మాట్లాడుతోంది. "ఓ పెద్దోని నాయినా, ఇనవడ్తుందా? నా మాట ఇనవడ్తుందా?" అని ఆమె అరిస్తే, ఆయన ఉలిక్కిపడి, "ఔనే, ఇనవడ్తుంది. జర మెల్లగ మాట్లాడరాదు" అన్నాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది, ఆ నవ్వుతోనే కళ్ళు తుడుచుకుంది. మేము అడక్కుండానే మాకు అంతా చెప్పేసింది. ఊళ్ళో ఎవుసం పోయి పట్నం వచ్చారట. గౌలిగూడలో ఒక గోదాము గేటు దగ్గర ఆయనకు కావలి పని. లారీ హారను కొట్టినా వినపడకపోతే ఇక ఊరికి పొమ్మన్నాడట యజమాని. ఇన్నేళ్ళు సైగలతోనే ఎళ్ళదీసినమమ్మా అంది.

మా అమ్మ వాళ్ళనే చూస్తూ నిలబడింది. ఆమె చూస్తున్నది డబ్బాను కాదని, ఆ ఇద్దరి మధ్య ఎడమే లేకపోవడాన్ని అని ఇప్పుడు నాకు అనిపిస్తుంది. ఇంతలో ఆయన కదిలితే డబ్బా ఖాకీ గుడ్డకు రాసుకుంది కాబోలు, మొహం చిట్లించి చెవి పట్టుకున్నాడు. అమ్మ గబగబా సంచి విప్పి మల్లు గుడ్డ జేబు తీసి ఆవిడ చేతిలో పెట్టింది. "బిరుసు గుడ్డకు రాస్తె చెవుల గరగరంటది. గిందుల వెట్టి, గుండెకాడ పిన్నీసుతోని గుచ్చు. రోజు ఉతుకు, చెమట దాకితె మిషన్ ఖరాబైతది" అని, పిన్నీసులు కూడా ఇచ్చి, ఎలా గుచ్చాలో తన రవిక మీదనే చూపించింది. ఆ డబ్బా మాదని చెప్పలేదు. సేటుతో మాత్రం, వాళ్ళకే ఇయ్యండన్నా అని, నా చెయ్యి పట్టుకుని మెట్లు దిగింది.

స్టేషన్ దగ్గరికి వచ్చాక, "అడిగితె ఇస్తుండె గదా?" అంది. ఔనన్నాను. "ఇస్తుండె" అని తనలో తనే మళ్ళీ ఒకసారి అనుకుంది.

ఇంటికి రాగానే తిన్నగా నాయిన దగ్గరికి వెళ్ళి, అలవాటు కొద్దీ ఆయన గుండెల దగ్గర తల వంచి జరిగిందంతా చెప్పింది. అక్కడ డబ్బా లేదు. నాయిన ఆమె తల వైపు చూస్తున్నాడు, ఒక్క మాటా వినపడి ఉండదు. కానీ ఖాళీ సంచి చూశాడు, అందులో జేబు కూడా లేకపోవడం చూశాడు. ఆమె చెప్పడం అయ్యాక, "పుచ్చుకున్నోనికి మంచిగ ఇనవడ్తుందా?" అని అడిగాడు. అమ్మ తలూపింది.

తరువాత నాయిన బతికిన కాలమంతా ఆ జీడిపప్పు మిషన్ చెవి వెనక పెట్టుకునే తిరిగాడు, అది చక్కగా పనిచేస్తోందనే మా అన్న చివరిదాకా నమ్మాడు. ఇంట్లో మాటలు తగ్గిపోయాయి. అన్న ఎదుట నాయిన అన్నిటికీ ఔ అనేవాడు, వాడు లేనప్పుడు ఆయనకు ఏదైనా చెప్పాలంటే ఇక అరవాల్సిందే. అరిచి చెప్పగలిగిన మాటలు సంసారంలో ఎన్ని ఉంటాయి? బియ్యం అయిపోయాయని అరవవచ్చు, చుట్టాలొచ్చారని అరవవచ్చు. ఎందుకో భయంగా ఉందని ఎవరు అరుస్తారు? ఆయన దవాఖానలో చివరి రోజుల్లో ఉన్నప్పుడు, చొక్కా మీద ఆ రెండు బెజ్జాలున్న చోట అమ్మ తల వంచి, చాలాసేపు ఏదో గుసగుసగా చెప్పింది. ఆయన కళ్ళు మూసుకుని పడుకున్నాడు. ఏం చెప్పిందో మేమెవరమూ వినలేదు, ఆమె ఉన్నన్నాళ్ళూ అడగడానికి నాకు నోరు రాలేదు.

ఇవన్నీ తలుచుకున్నాక ఆ కవరు అక్కడ ఉంచబుద్ధి కాలేదు. నా పాత మిషన్లు తుడిచి, కొత్త బటన్ సెల్లులు వేసి, పొద్దున్న అబిడ్స్ వెళ్ళాను. నాంపల్లిలో ఇప్పుడు తల మీదుగా మెట్రో పోతుంది, మా సందు ఎక్కడుందో వెతుక్కోవాలి. దుకాణంలో కౌంటరు దగ్గరున్న అమ్మాయి కవరు తీసుకుని, బల్ల కింద అట్టపెట్టెలో పడేసింది. వీటిని ఎవరికి ఇస్తారమ్మా అని అడిగాను. "ఎవ్వరికియ్యరు మేడమ్. కంపెనీకి పంపితె గాడ తుక్కు చేస్తరు, రూలట్ల ఉంది. మీరు తేకున్నా ఎవ్వరడగకపోదురు" అంది. ఎవరైనా లేనివాళ్ళు వస్తే ఇవ్వకూడదా అంటే, నా వైపు జాలిగా చూసి తల అడ్డంగా ఊపింది.

వెనక్కి తీసుకుందామని ఒక్క క్షణం చెయ్యి ముందుకు పోయింది, మళ్ళీ చెయ్యి వెనక్కి లాక్కున్నాను. ఇస్తామన్నది ఇవ్వడం మన వంతు, పుచ్చుకున్నవాళ్ళు దాన్ని ఏం చేస్తారన్నది మన చేతిలో లేదు. నాయినైనా ఇచ్చే వచ్చేవాడు. కానీ నాయిన ఇచ్చింది ఇంకో మనిషి గుండె మీదికి చేరింది. నేను ఇచ్చింది, కొత్త సెల్లులతో సహా, తుక్కులోకి పోతుంది. దానికి నాకు ఏడుపే వచ్చింది.

ఇంటికి వచ్చి చెప్పులు విడుస్తుంటే, లోపలి గదిలోంచి మా అమ్మాయి, "ఇచ్చొచ్చినవా అమ్మా?" అని అడిగింది. తలుపు వేసి ఉన్నా, ఫ్యాను తిరుగుతున్నా, ప్రతి అక్షరం స్పష్టంగా వినపడింది. కొత్తవి నిజంగా మంచి మిషన్లు. నాతో మాట్లాడటానికి ఇక ఎవరూ లేచి నా దగ్గరికి రావాల్సిన పని లేదు.