రెండిళ్లలో ఉన్న తుపాకి

చిన్నాయిన చనిపోయిన నెలకు, ఖిలా వరంగల్ ఇంట్లో ఆయన బీరువా సర్దుతుంటే బట్టల వెనక నాయనమ్మ తమలపాకుల ఇత్తడి డబ్బా దొరికింది. మూత తీయగానే వాసన వచ్చింది. ఎండిన వక్కదీ సున్నానిదీ కాదు, కుట్టుమిషనుకు వేసే నూనె వాసన. లోపల నీలం గీతల గుడ్డముక్కలో చుట్టిన ఇనుప ముక్క ఒకటి ఉంది. బొటనవేలంత పొడవు, మధ్యకు వంచిన బద్దలా ఉంటుంది. మా ఇంట్లో ఇప్పటి పిల్లలకు చూపిస్తే తాళం ముక్క అన్నారు, గొళ్లెం అన్నారు. అది తుపాకి స్ప్రింగు. తొమ్మిదేళ్ల వయసులో దాన్ని గుప్పిట్లో పట్టుకుని రిక్షాలో ఈ ఇంటికి తెచ్చింది నేనే.

ఆ తుపాకి మా తాతది. నర్సంపేట వైపు మాకున్న మక్కచేనులో అడవిపందులు పడేవి. వాటిని బెదిరించడానికి ఆయన నిజాం కాలంలో లైసెన్సు తీసుకున్నాడు. నాకు ఊహ తెలిసేసరికి తాత లేడు, తుపాకి ఉంది. నడిమింట్లో, వడ్లగుమ్మికి పైన, రెండు కొయ్యల మీద అడ్డంగా పడుకుని ఉండేది. పక్క కొయ్యకు నాయిన గొడుగు, దాని పక్కన జల్లెడ. మేం గొడుగును ఎట్లా చూసేవాళ్లమో దాన్నీ అట్లాగే చూసేవాళ్లం. ముట్టుకుంటే తిడతారని తెలుసు, కానీ అమ్మ కుట్టుమిషనును ముట్టుకున్నా అవే తిట్లు. భయం అనేది దాని చుట్టూ ఉన్నట్టు నాకు గుర్తు లేదు.

ఏడాదికి ఒక్కరోజు అది కిందికి దిగేది. బతుకమ్మ తొమ్మిది రోజులూ మా ఇల్లంతా తంగేడు పూల పచ్చి వాసన, గునుగు పూలకు అద్దే రంగుల మరకలు, సద్దుల రోజున నువ్వులూ పల్లీలూ వేయించి బెల్లంతో దంచిన పొడులు, మలీద ముద్దలు చేసిన చేతుల నెయ్యి. ఆ పొద్దంతా ఆడుకుని, తిని, రంగు వేళ్లతోనే నిద్రపోయేవాళ్లం. ఒక రోజు గడిస్తే దసరా. ఆ పొద్దున పెద్దనాయిన, అంటే నాయిన అన్న, తుపాకిని దించి పాత ధోతి ముక్కతో తుడిచి, నూనె పెట్టి చాప మీద నడుమ ఉంచేవాడు. దాని చుట్టూ కొడవళ్లు, నాగలి కర్రు, అమ్మ కుట్టుమిషను, నాయిన సైకిలు, చిన్నాయిన ఫౌంటెన్ పెన్ను. నాయనమ్మ అన్నిటికీ పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టేది. తుపాకికి మూడు బొట్లు, పెన్నుకు ఒకటి. నా పలకకు కూడా పెట్టమని ఏడ్చానట ఒక ఏడు, పెట్టిందట.

నాకు ఐదేళ్లప్పుడు పెద్దనాయిన మాట్లాడటం మానేశాడు. ఎందుకో పిల్లలకు ఎవరూ చెప్పలేదు. పెద్దవాళ్లకు తెలిసిందని కూడా ఇప్పుడు నేను అనుకోను. రెండు నెలలు సరిగా నిద్రపోలేదట, ముద్ద దిగేది కాదట. ఇంట్లో వాళ్లు చేతనైనదంతా చేశారు. ఒకరి తర్వాత ఒకరు పక్కన కూర్చున్నారు. మేనత్త వచ్చి నెలరోజులు ఉంది. దర్గాకు తీసుకెళ్లి తాయెత్తు కట్టించారు. పండుగ వెళ్లాక దవాఖానకు పోదామనుకున్నారు. ఆ దసరా పొద్దున, ఆ రెండు నెలల్లో లేచి కూర్చోనివాడు నూనె డబ్బా అడిగితే అందరి మొహాల్లోనూ ప్రాణం వచ్చిందట. తుపాకిని ఎప్పటిలాగే తుడిచాడు, నాయనమ్మ ఎప్పటిలాగే బొట్లు పెట్టింది. తెల్లారి ఆయన లేడు. ఆ తుపాకితోనే పోయాడు.

నన్ను పక్కింట్లో ఉంచారు. నాకు గుర్తున్నది మా గుమ్మానికి కట్టిన బంతిపూల తోరణం ఒక్కటే. ఇంకా వాడలేదు.

తుపాకిని పోలీసులు తీసుకుపోయారు. విచారణ అయ్యాక తిరిగి వచ్చింది, లైసెన్సు చిన్నాయిన పేరుకు మారింది, దాన్ని మళ్లీ అవే రెండు కొయ్యల మీద పెట్టారు. ఈ సంగతి నేను ఎన్నిసార్లు తలుచుకున్నా ఆశ్చర్యమే. పెట్టినవాళ్లు మొరటు మనుషులు కారు. అది దాని చోటు, అంతే. దసరాకు మాత్రం దించడం మానేశారు. చాప మీద నడుమ అంత మేర ఖాళీ వదిలి చుట్టూ మిగతావి పేర్చేవాళ్లు. ఖాళీ ఎందుకని అడిగితే అమ్మ నా చేతిలో అగరుబత్తి పెట్టి అవతలికి పంపింది.

చిన్నాయిన ధర్మసాగర్‌లో బడిపంతులు. రోజూ సైకిలు మీద పోయివచ్చేవాడు. వస్తూ సంచిలో సీతాఫలాలో రేగుపండ్లో తెచ్చి, కాజీపేట నుంచి సికింద్రాబాద్ దాకా రైలు స్టేషన్ల పేర్లు వరసగా చెబితేనే ఇచ్చేవాడు. ఒకటి మరిచిపోతే "రైలు పట్టాలు దిగింది, దిగి నడువు" అని నవ్వేవాడు. నాకు తొమ్మిదేళ్లప్పుడు, శ్రావణంలో, చిన్నమ్మ పచ్చకామెర్లతో చనిపోయింది. పెళ్లయి రెండేళ్లు కూడా కాలేదు. చిన్నాయిన బడికి పోవడం మానేశాడు. గడ్డం పెరిగింది. నేను స్టేషన్ల పేర్లు తప్పు చెప్పినా ఏమీ అనలేదు. నాకు భయం వేసింది అప్పుడే.

బతుకమ్మ ఇంకా రెండు వారాలుందనగా ఒక పొద్దున, ఆయన స్నానానికి బావి దగ్గరికి పోయినప్పుడు, నాయనమ్మ ముక్కాలిపీట ఎక్కి తుపాకిని తనే దించింది. అరవై దాటిన మనిషి. దాన్ని తాత గొంగడిలో చుట్టి, నన్ను వెంట తీసుకుని రిక్షా పిలిచింది. లతీఫ్ సాబ్ దుకాణానికి పొమ్మంది.

లతీఫ్ సాబ్ దుకాణం మండిబజార్ వెనక సందులో ఉండేది. స్టవ్వులు, తాళాలు, కుట్టుమిషన్లు, పెళ్లిళ్లలో వెలిగించే గ్యాసులైట్లు బాగుచేసేవాడు. లైసెన్సు తుపాకులు కూడా. తాతకు స్నేహితుడు. గొంగడి విప్పి, తుపాకిని అటూ ఇటూ చూశాడు.

"దీనికేం గాలే గదమ్మా," అన్నాడు.

"ఏం గాలే," అంది నాయనమ్మ. "నువ్వే ఏమన్న జెయ్యి, లతీఫూ."

ఆయన నాయనమ్మ మొహం చూశాడు. చిన్నమ్మ సంగతి ఆయనకు తెలుసు. నాయనమ్మ నేను పక్కనున్న సంగతి మరిచిపోయి, మెల్లగా అంది:

"పెద్దోనప్పుడు అందరం మనిషిని కాసినం. దీన్ని తుడిచి బొట్టు వెట్టినం."

లతీఫ్ సాబ్ తుపాకిని బల్ల మీద పెట్టుకున్నాడు. చిన్న పనిముట్లతో కాసేపు పనిచేసి ఆ స్ప్రింగు తీసి, నూనెగుడ్డతో తుడిచి నా చేతిలో పెట్టాడు. "ఇది మీ ఇంట్ల, అది నా ఇంట్ల. రెండు ఒక్క తాన ఉండయి. ఫికర్ జెయ్యకమ్మా," అన్నాడు. గొంగడి మడతపెట్టి తిరిగి ఇచ్చాడు.

రిక్షాలో నేను ప్రశ్నలు వేస్తూనే ఉన్నాను. బాగున్నదాన్ని బాగుచేసే దుకాణానికి ఎందుకు తెచ్చాం? ఇది విరిగిందా? విరగనిది ఎందుకు తీశాడు? నాయనమ్మ ఒకే మాట చెప్పింది: ఎవరన్నా అడిగితే స్ప్రింగు విరిగింది, కొత్తది హైదరాబాదు నుంచి రావాలి. ఇంటికొచ్చాక ఆ ముక్కను తమలపాకుల డబ్బాలో వేసుకుని డబ్బాను బొడ్లో దోపుకుంది. నాకు అబద్ధం ఆడమని పెద్దవాళ్లు చెప్పడం అదే మొదటిసారి. అందుకని గర్వంగా కూడా ఉండింది.

చిన్నాయిన ఖాళీ కొయ్యలను మూడు వారాల దాకా గమనించలేదు. సద్దుల బతుకమ్మ ముందురోజు మధ్యాహ్నం, నేను అరుగు మీద గునుగు పూలకు రంగు అద్దుతుంటే, వచ్చి నిలబడ్డాడు.

"తుపాకి ఏది బిడ్డా?"

నేర్పిన అబద్ధం చెప్పాను. ఎవరి దుకాణమో కూడా చెప్పేశాను, అది చెప్పొద్దని ఎవరూ అనలేదు. ఆయన చెప్పులు వేసుకుని సైకిలు తీశాడు.

నేను లోపలికి పరుగెత్తి నాయనమ్మకు చెప్పాను. ఆమె కేకలు వేయలేదు. నాయినను వెనకాలే పంపింది. తను పీట మీద కూర్చుని బొడ్లో డబ్బా మీద చెయ్యి పెట్టుకుంది. పొయ్యి మీద నువ్వులు మాడుతున్న వాసన వస్తున్నా అమ్మ కదల్లేదు. నేను నాయనమ్మ చేతినే చూస్తూ, ఆ చిన్న ముక్క ఇక్కడ ఉంటే అక్కడ ఏమవుతుంది, ఏమీ కాదా అని నాకు తెలిసినంతలో లెక్కలు వేసుకున్నాను.

పొద్దు వాలుతుండగా ఇద్దరూ తిరిగి వచ్చారు. చిన్నాయిన వేళ్లకు సిరా అంటి ఉంది. జరిగింది నాయిన తర్వాత చెప్పాడు. లతీఫ్ సాబ్ ఆయన్ని కూర్చోబెట్టి చాయ్ తెప్పించాడట. స్ప్రింగు కోసం హైదరాబాదు దుకాణానికి ఉత్తరం రాయాలి, తనకు ఇంగ్లీషు రాదు, పంతులు దేవుడిలా వచ్చాడు, జర రాసిపెట్టమన్నాడట. చిన్నాయిన రాశాడు. లతీఫ్ సాబ్ తప్పులు పట్టాడట. ఇంగ్లీషు రానివాడు ఇంగ్లీషులో తప్పులు ఎట్లా పట్టాడని నాయిన నవ్వబోయి, నాయనమ్మను చూసి ఆగిపోయాడు. కాగితం మూడుసార్లు తిరగరాయించి, శుక్రవారం రా, జవాబు వస్తుందేమో చూద్దాం అని పంపాడట.

నాయనమ్మ ఈసారి పండుగ వెళ్లేదాకా ఆగలేదు. దసరాకు ముందే చిన్నాయినను దవాఖానకు తీసుకుపోయింది. డాక్టరు మందులిచ్చి, పదిహేను రోజులకోసారి వచ్చి మాట్లాడి పొమ్మన్నాడు. రాత్రులు కాస్త నిద్ర పట్టసాగింది. శుక్రవారాలు మాత్రం లతీఫ్ సాబ్‌వి. నమాజు నుంచి ఆయన వచ్చే వేళకు చిన్నాయిన దుకాణం ముందు ఉండేవాడు. జవాబు రాలేదు. ఇంకో ఉత్తరం రాయాలి. ఒక శుక్రవారం సైకిలు ముందు కడ్డీ మీద నన్నూ ఎక్కించుకున్నాడు. అక్కడ లతీఫ్ సాబ్ "పంతులూ, నీ ఇంగ్లీషు జూసి ఆ సేటు దుకాణం బంద్ జేసినట్టున్నడు" అన్నాడు. చిన్నాయిన నవ్వాడు. చిన్నమ్మ పోయాక ఆయన నవ్వగా నేను విన్నది అప్పుడే. తిరిగి వస్తూ, కాజీపేట తర్వాత ఏ స్టేషన్ అని అడిగాడు.

చలికాలం మొదట్లో మళ్లీ బడికి పోయాడు. ఒకేసారి బాగుపడలేదు, చెడ్డరోజులు ఆ తర్వాతా వచ్చాయి, ఏళ్లపాటు వచ్చాయి. వచ్చినప్పుడు తనే చెప్పడం నేర్చుకున్నాడు. "అవ్వా, ఇయ్యాల మంచిగ లేదు" అంటే నాయనమ్మ పని ఆపి పక్కన కూర్చునేది. కొన్నాళ్లకు, ఎన్నికల ముందు లైసెన్సు తుపాకులన్నీ ఠాణాలో జమ చేయమన్నప్పుడు, ఆయనే లతీఫ్ సాబ్ దగ్గర తుపాకి తీసుకుని ఠాణాలో ఇచ్చి, మళ్లీ తీసుకోనని కాగితం రాసి వచ్చాడు. ఆ తర్వాత పందులను బెదిరించడానికి ఖాళీ రేకుడబ్బాలు కొట్టుకున్నాం.

నేను పెద్దయ్యాక, ఉద్యోగంలో చేరాక, ఒకసారి ఆయన్ని అడిగాను: ఆ అబద్ధం ఆయనకు ఎప్పుడు తెలిసిందని.

"మొదటి రోజే," అన్నాడు. "లతీఫ్ సాబ్ చెప్పిన అడ్రసుల దుకాణమే లేదు. ఆ గల్లీల నేను టీచర్ ట్రైనింగప్పుడు రెండేండ్లున్న."

"మరి రాసినవ్ ఎందుకు?"

ఆ దుకాణానికి పోయినప్పుడు తన తలలో ఒక్క సంగతే ఉండిందని, మూడోసారి తిరగరాసేటప్పటికి స్పెల్లింగుల సంగతి కూడా వచ్చి చేరిందని చెప్పాడు. చావాలన్న కోరిక తనకు ఏళ్లతరబడి ఉన్నది కాదట. ఆ పూట ఉండిందట. ఆ పూట గడిచింది.

"మరి మళ్ల శుక్రవారం ఎందుకు పోయినవ్?"

"జవాబొచ్చిందేమో అడగాలె గద," అన్నాడు, స్టేషన్ల పేర్లు అడిగే మొహంతో.

పెద్దనాయినకూ అట్లాంటి ఒక పూటే గడవాల్సి ఉండెనా? చెప్పగలవాళ్లు లేరు. ఆయనది వేరే మనసు, వేరే బాధ. కానీ ఇద్దరు అన్నదమ్ములకూ అదే ఇల్లు, అదే తల్లి, అవే రెండు కొయ్యలు. ఒకరికి తుపాకి అందింది, ఒకరికి అందలేదు. నేను ఎటు తిప్పి ఆలోచించినా ఇక్కడికే వచ్చి ఆగుతాను.

లతీఫ్ సాబ్ లేడు. ఆయన దుకాణం ఉన్నచోట సెల్‌ఫోన్ల కవర్లు అమ్ముతున్నారు. నడిమింటి గోడకు కొత్త సున్నం వేసినప్పుడు కొయ్యలు పీకేశారు. గుంతలు పూడ్చిన చోట చెయ్యి పెడితే కొంచెం ఎత్తు తెలుస్తుంది. చాప మీద ఇప్పుడు కారు తాళాలు, లాప్‌టాప్ పెడతారు, నడుమ ఖాళీ వదలరు.

డబ్బా మూసేయబోతూ గుడ్డముక్కను మళ్లీ చూశాను. నాయనమ్మ పోయి ఇరవై ఏళ్లు దాటింది. ఇరవై ఏళ్ల కిందటి నూనె ఇంత తడిగా ఉండదు. నీలం గీతలు చిన్నాయిన రిటైరయ్యాక రోజూ వేసుకున్న చొక్కావి, ఇనుము వంపులో కొద్దిగా కుంకుమ ఉంది. తుపాకి లేకపోయినా ఆయన ప్రతి దసరాకూ తలుపు వేసుకుని దీన్ని తుడిచి, నూనె పెట్టి, బొట్టు పెట్టినట్టున్నాడు.

దాన్ని అట్లాగే చుట్టి హన్మకొండకు, నా ఇంటికి తెచ్చుకున్నాను. దసరా ఇంకా రెండు నెలలుంది. నిన్న కుట్టుమిషను నూనె సీసా ఒకటి కొన్నాను.