డోజర్ ముందు నిలబడ్డ వరస

తూర్పు లద్దాఖ్‌లోని ఆ పోస్టుకు అక్టోబరులో చేరాను. ట్రక్కు చివరి మలుపు దాకానే వచ్చింది. అక్కడి నుంచి నడక. వీపున మూట, భుజాన రైఫిల్. నాలుగు అడుగులు వేస్తే ఆగి ఊపిరి తీసుకోవాలి. కొత్తకోట ఎండల్లో పెరిగినవాణ్ణి. గాలికీ కరువుంటుందని అప్పుడే తెలిసింది.

మా బంకర్ హవల్దార్ కుమావూ కొండల మనిషి. రేడియో ఆపరేటర్‌ది మన కట్టంగూర్. నా యాస వినగానే, "పాలమూరా? జర నిమ్మళంగ కూసో అన్నా. ఉరికినవంటే తల తిరిగి పడ్తవ్" అన్నాడు.

ఎదుటి గట్టు మీద చైనా పోస్టు. దాని గుమ్మం దాకా తారు రోడ్డు. వాళ్ల బండ్లు వచ్చిపోతుండేవి. మాకు కిరోసిన్ కూడా కంచర గాడిదల మీద రావాలి.

డిసెంబరులో ఆపరేటర్‌కు దగ్గు పట్టుకుంది. మర్నాటికి నోట గులాబీ రంగు నురగ. ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. మంచు తుఫానుకు హెలికాప్టర్ రాలేదు. స్ట్రెచర్ మీద మోసుకుంటూ దిగాం.

"అన్నా, రోడ్డు అచ్చిందా?" అని అడిగాడు సగం దారిలో.

"గదో, కనబడ్తాంది" అన్నాను. ఏమీ కనబడటం లేదు. ట్రక్కు దగ్గరికి చేరేసరికి ప్రాణం పోయింది.

మంచు కరగడం మొదలయ్యాక, ట్రక్కులు ఆగిపోయే మలుపు నుంచి మా పోస్టు దాకా రోడ్డు పని మొదలైంది. డోజర్‌ను చూసి అవతలి వాళ్లు బ్యానర్ పట్టుకుని దిగారు. పని ఆపమన్నారు. మా మెషిన్‌గన్ జవాను భుజం నుంచి తుపాకీ దించబోయాడు. హవల్దార్ అతని చెయ్యి పట్టుకున్నాడు.

"తుపాకులు వీపుకే ఉండనీయండి. చేతులు కలపండి. అడుగు వెనక్కి పడొద్దు."

ఆపరేటర్ పోయినప్పటి నుంచి ఎవరో ఒకరి మీద కోపం తీర్చుకోవాలని ఉంది నాకు. అయినా చేతులు కలిపాను. డోజర్‌కూ వాళ్లకూ మధ్య వరసగా నిలబడ్డాం. సాయంత్రం దాకా తోపులాటే. కింది నుంచి రేడియోలో ఒకటే ప్రశ్న.

"పని నడుస్తోందా?"

"నడుస్తోంది సాబ్" అనేవాడు హవల్దార్.

చీకటి పడ్డాక వాళ్లు తమ పోస్టుకు తిరిగి ఎక్కిపోయారు. ఆగస్టు చివరికి రోడ్డు పోస్టు దాకా వచ్చింది. నా గడువూ తీరింది.

కొత్తకోట బస్టాండు పక్క హోటల్లో నాయిన, ఆయన దోస్తులు చుట్టూ కూర్చున్నారు.

"ఒక్కన్నన్న కాల్చినవార?" అన్నాడొక పెద్దాయన.

"లే."

"మరి గంత దూరం పోయి ఏం జేసిన్రు?"

"రోడ్డేసినం."

అందరూ నవ్వారు. నాయిన నవ్వలేదు. ఆపరేటర్ సంగతి ఆయనకు తెలుసు.

"ఇప్పుడు ఎవలికన్న పానం బాగలేకుంటె, మీ పోస్టు దాంక బండి పోతదా?"

"పోతది నాయినా."

"గట్లయితె మంచిదే" అని చాయ్ తాగాడు.

ఇన్నేళ్లయినా ఒక మొహం నన్ను వదలదు. ఆ తోపులాటలో నాకు ఎదురుగా నిలబడ్డ చైనా జవానుది. ఇరవై ఏళ్లుంటాయేమో. చలికి ముక్కు నుంచి రక్తం కారి పై పెదవి మీద గడ్డకడుతోంది. తుడుచుకుందామంటే వీల్లేదు. అతని చేతులూ పక్కవాళ్ల చేతుల్లో ఇరుక్కున్నాయి. కళ్లార్పకుండా నన్నే చూస్తూ, నా ఛాతీకి ఛాతీ ఆనించి అలాగే నిలబడ్డాడు.