ఐదెమ్మెమ్ అరలో ఫోను

అద్దాల మేస్త్రి కళ్లకు గంతలు కట్టి చేతిలో ఒక వస్తువు పెడితే, అదేమిటో చెప్పలేకపోవచ్చు గాని దాని మందం మాత్రం చెప్పేస్తాడు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని "నాలుగు", "ఐదు", "ఎనిమిది" అంటాడు. ఆయన లెక్కంతా ఎమ్మెమ్‌లలోనే, అంటే మిల్లీమీటర్లలో. భోజనానికి కూర్చుంటే కంచం అంచు పట్టి చూశాక గాని మొదటి ముద్ద ఎత్తడని బావమరిది ఎగతాళి చేస్తుంటాడు. ఆ బావమరిది కూడా అదే దుకాణంలో, గాజు అంచులు అరగదీసే మిషను దగ్గర పనిచేస్తాడు. ఆ హోరులో బతికినవాడు కాబట్టి రహస్యం కూడా కేకేసినట్టే చెప్తాడు.

దుకాణం ఇరుకుగా, పొడుగ్గా ఉంటుంది. ఎడమ గోడ నిండా అమ్మకానికి పెట్టిన నిలువుటద్దాలు. కుడి గోడకు చెక్క అరలు. కోయగా మిగిలిన గాజు ముక్కల్ని మందాన్ని బట్టి ఆ అరల్లో నిలబెడతారు. లోపల అడుగుపెట్టినప్పుడల్లా నాకంటే ముందు నేనే వెళ్లి అక్కడ నిలబడి ఉన్నట్టనిపిస్తుంది. మిషను నడుస్తున్నంతసేపూ ఫరవాలేదు. ఆగిందా, అక్కడి నిశ్శబ్దం మనవైపే చూస్తుంటుంది. బయట ఏదైనా బరువు బండి పోతే చాలు, అరల్లో గాజు చలికి పళ్లు కొట్టుకున్నట్టు కటకటమంటుంది.

అక్కడికి నేను మొదట ఒక పటానికి అద్దం కోసం వెళ్లాను. తర్వాత పని ఉన్నా లేకపోయినా వెళ్తూ వచ్చాను. గాజు మీద వజ్రపు మొన గీసే చప్పుడు, ఆ గీత వెంట పలక విరిగే చప్పుడు నాకు ఇష్టం. మేస్త్రి చెప్పే కబుర్లు అంతకంటే ఇష్టం.

ఆయన్ని పెంచింది వాళ్లక్క. తల్లి పోయేనాటికి ఆయనకింకా ఊహ తెలియదు. అక్క బడిలో ఆయాగా చేసేది. బడి వదిలే వేళ గేటు దగ్గర నిలబడి ఒక్కో పిల్లనూ పేరుపెట్టి పిలిస్తే, రెండు వీధుల అవతలి తల్లులు కూడా ఆ గొంతు విని బయలుదేరేవారట. ఆ గొంతు ఇప్పుడు లేదు. గొంతులో పుండు పెరిగితే ఆపరేషన్ చేసి, మనిషిని మిగిల్చి మాటను తీసేశారు. ఆవిడ తమ్ముడి ఇంట్లోనే ఉంటుంది. మేస్త్రి భార్య మందుల కంపెనీలో డబ్బాలు కట్టే పనికి వెళ్లి సాయంత్రానికి వస్తుంది. కాబట్టి పగలంతా మూడో అంతస్తులోని ఆ ఇంట్లో అక్క ఒక్కతే.

అందుకని వాళ్లిద్దరూ ఒక పద్ధతి పెట్టుకున్నారు. భోజనమయ్యాక అక్క తమ్ముడికి ఫోన్ చేస్తుంది. మేస్త్రి చేతులకు తొడుగులుంటాయి, వాటి నిండా గాజు పొడి. ఫోను పట్టుకోలేడు. అందుకని రెండుసార్లు అదిరాక అది దానంతటదే ఎత్తుకుని, గట్టిగా వినిపించేలా చేయించుకున్నాడు. అటునుంచి మాట ఉండదు. ఆవిడ గోటితో ఫోను మీద తడుతుంది. ఒకసారి తడితే అవును. రెండుసార్లు తడితే కాదు. మూడోదేదీ లేదు. మూడో మాట అవసరపడుతుందని ఇద్దరూ అనుకోలేదు.

మొదటిసారి ఆ ఫోను విన్నప్పుడు నా ఒళ్లు జలదరించింది. మేస్త్రి గాజు మీద వంగి ఉన్నాడు. జేబులోంచి ఎవరిదో ఊపిరి. "తిన్నావా అక్కా?" అన్నాడు తలెత్తకుండా. టక్. "మాత్ర వేసుకున్నావా?" టక్, టక్. "వేసుకో మరి." టక్. అంతే, ఫోను ఆగిపోయింది. ఆయన గీత చెక్కుచెదరకుండా నడుస్తూనే ఉంది.

ఇక ఫోను సంగతి. పాతది ఇటుకలా ఉండేది. బల్లమీద వంగినప్పుడల్లా జేబులోంచి గాజు అంచుకు గుద్దుకునేది. ఒకసారి ఖరీదైన అద్దమే బీటలు వారింది. ఆ కోపంతో కొత్త ఫోను కోసం వెళ్తే, అమ్మేవాడు కావాలనే ఒక నల్లటి పలక తీసి ఈయన వేళ్ల మధ్య పెట్టాడు. వేళ్లు "ఐదు, ఒక వెంట్రుక ఎక్కువ" అన్నాయి. అక్కడే మనిషి జారిపోయాడు. రెండు నెలల సంపాదన పోసి తెచ్చుకున్నాడు. భార్య రెండు రోజులు మాట్లాడలేదు.

బావమరిది మాత్రం రెండు రోజులు ఆపకుండా మాట్లాడాడు.

"మన దగ్గర సన్నదానికి ధర తక్కువ, మందానికి ఎక్కువ. నువ్వేంటి బావా, ఎక్కువ డబ్బిచ్చి తక్కువ వస్తువు తెచ్చావు?"

"పనితనానికిరా ఆ డబ్బు."

"చార్జింగ్ మధ్యాహ్నానికే అయిపోతోందిగా. పనితనం కూడా ఒంటిపూటేనా?"

వాడి మాట నిజమే. పొద్దున నింపిన చార్జింగు భోజనాల వేళకే అడుగంటేది. పాతదానికి రెండు స్పీకర్లు, దీనికి చెవి దగ్గర ఒకటే. పాతదానికి మూడు కెమెరాలు, దీనికి ఒంటికన్ను. కాసేపు మాట్లాడితే జ్వరమొచ్చిన పిల్లాడి నుదురులా కాలేది. ఇవన్నీ మేస్త్రి ఒప్పుకునేవాడు. ఒప్పుకుంటూనే జేబులోంచి తీసి, అంచు మీద వేలు నడిపి, మళ్లీ పెట్టుకునేవాడు. ఆయన పైకి చెప్పని ఇబ్బంది మరొకటుంది. ఆ ఫోను జేబులో ఉన్నట్టే తెలియదు. పాపం, మాటిమాటికీ గుండె మీద తట్టుకుని చూసుకునేవాడు. లేదనుకుంటే ఉండేది. అదిరిందనుకుని చూస్తే అదిరి ఉండేది కాదు. ఒక్కోసారి ఇంట్లో చొక్కా విప్పేశాక కూడా వట్టి ఛాతీ మీద అది అదురుతున్నట్టే ఉండేదట.

ఆ రోజు నేను బల్లమీదికి గాజు కోయించుకోవడానికి వెళ్లాను. నల్లగాజు. మేస్త్రి కోస్తూ, మిగిలిన ముక్కల్ని చూడకుండానే వెనక్కి చెయ్యి చాపి అరలోకి తోస్తున్నాడు. ఆయన పనిలో కన్ను గీత మీదే ఉండాలి. ఏ ముక్క ఏ అరలోకి వెళ్లాలో చేతికే తెలుసు. మధ్యలో టైము చూడాలని ఒక తొడుగు తీసి, జేబులోంచి ఫోను బయటికి తీశాడు. నేను ఏదో అడిగాను. జవాబు చెప్తూనే మళ్లీ పనిలో పడ్డాడు. ఆ ఫోను మళ్లీ జేబులోకి వెళ్లడం నేను చూడలేదు. చూడాలన్న ఆలోచన కూడా రాలేదు.

పని అయిపోయింది. బావమరిది మిషను ఆపాడు. అప్పుడు కుడి గోడ వణికింది.

బయట బండేదీ లేదు. అరల్లో గాజంతా ఒక్కసారి జుమ్మని, ఆగి, మళ్లీ జుమ్మంది. తర్వాత నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో, గాజు లోపలినుంచి, ఎవరో ఊపిరి పీలుస్తున్నారు.

మేస్త్రి చెయ్యి గుండె మీదికి వెళ్లింది. ఏమీ తగల్లేదు. ఎప్పుడూ ఏమీ తగలదు గనక నమ్మకం లేక జేబులో వేళ్లు పెట్టి చూశాడు. జేబు ఖాళీ.

టక్, టక్, టక్, టక్. ఒకటీ కాదు, రెండూ కాదు. ఆగకుండా. ఏ అరలోంచో చెప్పలేం. ఒకదానికొకటి ఆనుకున్న ముక్కలన్నీ కలిసి తడుతున్నాయి. ఆ సన్న ఫోను గొంతు చేతిలో ఉన్నప్పుడు ఎంత పీలగా ఉండేదో, గాజుకు ఆనుకున్నాక అంత పెద్దదయింది. ఎదురుగా నిలువుటద్దాల్లో మేము ముగ్గురం కాదు, ఒక గుంపు నిలబడి వింటోంది.

"అక్కా," అన్నాడు మేస్త్రి అరలవైపు తిరిగి. చప్పుడు ఆగింది. "నువ్వేనా?"

టక్, అంది గాజు.

"బాగున్నావా?"

టక్, టక్.

"పడిపోయావా?"

టక్.

"లేవగలవా?"

టక్, టక్.

"తలుపు లోపల గడియ పెట్టుందా అక్కా?"

టక్.

ఆయన గొంతు మామూలుగానే ఉంది, మాత్ర వేసుకున్నావా అని అడిగినట్టే. నుదుటి మీద మాత్రం చెమట. బావమరిది ఉండబట్టలేక ఫోను ఎక్కడుందో చూద్దామని అరలోంచి ముక్కలు లాగడం మొదలుపెట్టాడు. ఆ కంగారులో మోచెయ్యి పక్కనున్న పెద్ద పలకకు తగిలింది. అది ముందుకు ఒరిగింది.

"బావా, తప్పుకో!"

మేస్త్రి పక్కకు దూకాడు. మనిషెత్తు గాజు నేలకూలి పొడయిపోయింది. ఆ మోత గోడల్లో తిరిగి తిరిగి ఆగేసరికి, అరల్లోంచి తట్టడం పిచ్చెత్తినట్టు వినిపిస్తోంది. "నాకేం కాలేదక్కా!" అని మేస్త్రి అరిచాడు. ఆ అరుపు మొదలవుతుండగానే చప్పుడు తెగిపోయింది. ఊపిరి కూడా లేదు. చార్జింగు అయిపోయింది.

నా ఫోను ఆయన చేతిలో పెట్టాను. ఆయనకు అక్క నంబరు నోటికి రాలేదు. "అందులో ఉంది," అన్నాడు అరలు చూపించి. మాట్లాడలేని మనిషికి మనం ఫోన్ చేసేదేముందిలే అని బావమరిది ఎప్పుడూ ఆవిడ నంబరు పెట్టుకోలేదు. మేస్త్రి భార్యకు చేస్తే ఎత్తలేదు. కంపెనీలో పనివేళ ఫోన్లు గేటు దగ్గరే పెట్టించేస్తారు. సుత్తి తీసుకుని ఇద్దరూ బండెక్కారు. తెరిచిన దుకాణానికి నన్ను కాపలా ఉంచారు. గాజు పొడి మధ్య నిలబడి, చాలాసేపు ఆ అరలకు వీపు పెట్టలేకపోయాను.

తర్వాతి సంగతి మేస్త్రి చెప్పిందే.

లిఫ్టులో మూడో అంతస్తుకు వెళ్లారు. తలుపు బద్దలు కొట్టడానికి సుత్తి ఎత్తాడు. తలుపు తెరిచే ఉంది. లోపల గడియ పెట్టుందని చెప్పిన తలుపు. ఇంట్లో ఎవరూ లేరు. స్నానాల గదినుంచి గుమ్మం దాకా నేల మీద తడి చార, ఏదో బరువైన మూటను ఈడ్చినట్టు. గుమ్మం దగ్గర అక్క ఫోను వెలుగుతూ పడి ఉంది. "అక్కా" అని పిలిచాడట. పిలిచాక గుర్తొచ్చిందట, జవాబు చెప్పడానికి ఆవిడకు గొంతు లేదని. ఆ ఇంట్లో తన పిలుపు తనకే వినిపించినప్పుడు, గాజులో అయినా అక్క ఉండేదే, ఇక్కడ అదీ లేదే అనిపించిందట.

అప్పుడు మెట్ల వైపునుంచి వినిపించింది. ఇనప కటకటాల మీద, టక్, టక్.

లిఫ్టులో వచ్చారు గనక చూడలేదు. అక్క సగం అంతస్తు కిందికి దిగిపోయి ఉంది. దిగడమంటే నడిచి కాదు. తుంటి ఎముక విరిగింది. కూర్చుని, ఒక్కో మెట్టూ జారుతూ వెళ్లింది. తమ్ముణ్ణి చూడగానే రెండు చేతులతో ఆయన తల పట్టుకుంది. తల, మెడ, భుజాలు, వేళ్లు, అన్నీ తడిమింది, ఎక్కడైనా రక్తం తగులుతుందేమోనని. తర్వాత ఆయన అరచేయి తెరిచి వేలితో రాసింది.

"నీ మీద పడిందా?"

ఆవిడ అంతా విన్నది. తమ్ముడి గొంతు నూతిలోంచి వచ్చినట్టు రావడం, వెనక గాజు పలకడం, బావా తప్పుకో అన్న కేక, ఆ మోత. ఆపైన ఏమీ లేదు. గాజు పలక మీదపడి చనిపోయినవాళ్ల కథలు, తండ్రీ ఇదే పనివాడు గనక, ఆ ఇంట్లో ఆయన కాలంనుంచీ ఉన్నాయి. లేవలేను అని తట్టిన మనిషి, ఆ తర్వాత గడియ తీసింది. సాయం కోసం కాదు, తమ్ముణ్ణి గాజు కిందినుంచి తీయడానికి.

"ఆ మెట్లన్నీ దిగి, ఈ దుకాణం దాకా వచ్చేద్దామనేనండీ," అన్నాడు మేస్త్రి నాతో. ఇంకేదో అనబోయి, బల్ల తుడవడం మొదలుపెట్టాడు.

ఫోను మర్నాడు దొరికింది. నల్లగాజు ఐదెమ్మెమ్ అరలో, మిగతా ముక్కలతో కలిసి బుద్ధిగా నిలబడి ఉంది. గీత కూడా పడలేదు. పెట్టింది మేస్త్రి చెయ్యే. చెయ్యి తప్పు చేయలేదు, ఐదును ఐదులో పెట్టింది. దాన్ని మార్చేసి లావుపాటిది తెచ్చుకున్నాడు. పెట్టిన డబ్బులో తిరిగి వచ్చింది సగం కూడా కాదు. బావమరిది ఈసారి ఎగతాళి చేయలేదు. "అదే లావుదైతే ఆ అరలో పట్టేదే కాదు బావా," అని మాత్రం అన్నాడు, వాడి లెక్కన నెమ్మదిగా.

ఇంతకీ ఆ సన్న ఫోను మంచిదా కాదా అని నేనడిగాను. "మంచిదేనండీ. చూసుకుని మురిసేవాళ్లకు మంచిది. చార్జరు పక్కనే కూర్చునేవాళ్లకు మంచిది. నాకు జేబులో ఏదో ఒకటి ఉన్నట్టు తెలియాలి," అన్నాడు.

అక్కకు ఎముక అతుక్కుంటోంది. మధ్యాహ్నం ఫోను మళ్లీ వస్తోంది. కాని పద్ధతి మారింది. "నేనేనక్కా, బాగానే ఉన్నా," అంటాడు మేస్త్రి. టక్, టక్. కాదు, అని. ఆ గొంతును ఆవిడ నమ్మదు. ఆ రోజు కూడా ఆ మోత దాకా గొంతు మామూలుగానే వినిపించింది కదా. మేస్త్రి బల్ల వదిలి, తొడుగు తీసి, ఫోను మీద గోటితో ఒకసారి తడతాడు. ఆవిడ వెంటనే జవాబివ్వదు. వింటుంది. బావమరిది మిషను ఆపేసి, చెయ్యి స్విచ్చి మీదే ఉంచి, అటునుంచి తట్టేదాకా అలాగే నిలబడతాడు.