కరెంటు పోతేనే రికార్డింగు

మామ పోయాడని నాయన తిరుపతి ఆసుపత్రి నుంచి ఫోన్ చేసినప్పుడు నేను నగరిలో మామ రికార్డింగు గదిలోనే ఉన్నాను. ఆయన చివరగా మొదలుపెట్టిన ప్రాజెక్టు తెరుచుకోవడం లేదు. ఫైలు చెడిపోయిందని కంప్యూటరు చెబుతోంది. మామ ఇంటికొచ్చాక అడుగుదాంలే అనుకున్నాను. ఫోన్ పెట్టేశాక కూడా అదే అనుకున్నాను. ఎందుకో తెలియదు.

మామ మా అమ్మకు అన్న. ఆటోల్లో మైకు పెట్టి తిప్పే ప్రకటనలు, చర్చి పాటలు, భజనలు రికార్డు చేసేవాడు. మా వీధి నిండా మరమగ్గాలు. అవి ఆడుతుంటే మన మాట మనకే వినపడదు. అందుకే కరెంటు పోతేనే రికార్డింగు. మగ్గాలు ఆగగానే "రేయ్ అల్లుడూ, పిలువు పాడేవాళ్లని!" అని కేక వేసేవాడు. కంప్యూటరు, మైకు యూపీఎస్ మీద నడిచేవి. పాట మధ్యలో అది కూడా ఆగిపోతే ఫైలు చెడిపోయేది.

ఒకసారి చీరల కొట్టాయన ప్రకటన అలాగే పోయింది.

"అంత గొంతు చించుకుంటినే, అదంతా యాడికి పోయినట్టు?" అన్నాడాయన.

"యాడికీ పోలేదప్పా. నీ గొంతు ఈడనే ఉండాది. ఏది యాడ పెట్టాల్నో ఈ కంప్యూటరు మర్చిపోయిండాది, అంతే. టీ తాగు."

చెడిన ఫైలును మామ ముట్టుకునేవాడు కాదు. ముందు ఫోల్డరంతా ఇంకోచోట కాపీ చేసేవాడు. "దానికి తగిలిన దెబ్బ సాల్లే, మనం ఇంగోటి ఎయ్యద్దు" అనేవాడు. తర్వాత కొత్త ప్రాజెక్టు తెరిచి, ఫోల్డరులో మిగిలిన ముక్కల్ని ఒక్కొక్కటే వింటూ వరసగా పేర్చేవాడు.

కర్మ అయ్యాక అవ్వ గదిలోకి వచ్చింది. అవ్వ అంటే మామ వాళ్లమ్మ.

"ఊర్లో అందరి గొంతూ పట్టినాడే, వాడిది యాడన్నా ఉండాదా నాయనా?"

రికార్డింగులో మామ తన మాట ఎక్కడ వినపడినా కోసేసేవాడు. కోయకుండా మిగిలింది ఆ చెడిపోయిన ప్రాజెక్టు ఒక్కటే. అది అవ్వ పాడిన జోలపాట.

కరెంటు పోయినప్పుడు కంప్యూటరు ముందు కూర్చున్నాను. కాపీ తీశాను. ముక్కలు వచ్చాయి గానీ ఏది ముందో ఏది వెనకో అర్థం కాలేదు. ఒకదాంట్లో ఎవరో దగ్గారు. అవ్వ నా భుజం పట్టుకుంది. మామ లేడు కదా, మరి ఆయన దగ్గు ఇంత దగ్గరగా ఎలా ఉంది?

"ఇది ముందుదిరా. అది ఆమీటది" అంటూ అవ్వ పాట వరస చెప్పింది. నేను పేర్చాను. పాట అయిపోయిన చోట మామ మాట్లాడాడు.

"ఇంగోసారి పాడుమా. బాగనే పాడినావు, నాకే ఇనాలని ఉండాది."

"పాడతా లేరా" అంది అవ్వ, కంప్యూటరు వైపు చూసి.

నేను ఆఖరి ముక్క పెట్టాను. "ఉండుమా, కరెంటొచ్చె" అన్నాడు మామ. ఒక మగ్గం మొదలైంది, పక్కది అందుకుంది, వీధి మొత్తం ఆడసాగింది. ఆయన ఇంకేదో అన్నాడు, వినపడలేదు.

కరెంటు వచ్చిందేమోనని అవ్వ తలెత్తి చూసింది. ఫ్యాను తిరగడం లేదు.