మా బ్యాచ్‌లో లేని మనిషి

నాకు అనుమానం ఎక్కువ. ఇది తప్పు ఒప్పుకోవడం కాదు, గొప్ప చెప్పుకోవడమే. గుంటూరు బ్రాడీపేటలో జాకెట్లు కుట్టే కొట్టు నడుపుతున్నాను. రెండు పెళ్ళిళ్ళకు తొడుక్కున్న జాకెట్టు తెచ్చి "ఒంటికి తగల్లేదండీ, వాపసు తీసుకోండి" అనేవాళ్ళతో రోజూ వేగేదాన్ని. అనుమానమే లేకపోతే ఈపాటికి కొట్టుకు తాళం పడేది. ఆ మధ్య ఒకడు పోలీసు బట్టలేసుకుని వీడియో కాల్ చేశాడు. నా పేరు మీద ఏదో దొంగ పార్సిల్ దొరికిందట, అరెస్టు చేస్తారట. "ముందు ఆ చొక్కా ఎక్కడ కుట్టించావో చెప్పు నాయనా, ఒకవైపు భుజం జారిపోతోంది" అన్నాను. ఫోన్ పెట్టేశాడు. మా ఆయన ఈ కథ ఇంటికొచ్చిన వాళ్ళందరికీ చెబుతాడు.

అలాంటి నాకు మా పదో తరగతి వాట్సాప్ గ్రూపులో బంతిపువ్వు తగిలింది.

మాది అద్దంకి వైపు పల్లె. అక్కడి హైస్కూల్లో కలిసి చదివిన వాళ్ళం తలో దిక్కూ పోయాక, అద్దంకిలో పురుగుమందుల కొట్టు నడిపే మా క్లాస్‌మేట్ ఒకడు ఈ గ్రూపు పెట్టాడు. మొదట్లో అది కూడా అన్ని గ్రూపుల్లాగే ఉండేది. పొద్దున్నే ఉదయించే సూర్యుడు, సాయంత్రం ఆరోగ్య చిట్కాలు, ఎవరైనా పోతే వరసగా జోడించిన చేతులు. ఎవరూ ఎవరితోనూ మాట్లాడేవాళ్ళు కాదు. అలా చప్పగా నడుస్తున్న గ్రూపులోకి ఒకావిడ వచ్చింది. ఫొటో ఉండాల్సిన చోట బంతిపువ్వు బొమ్మ. పేరు చూస్తే మా ఊళ్ళో ఏ ఇంట్లోనైనా ఉండే పేరు. నేను మాత్రం బంతిపువ్వు అనే అనుకునేదాన్ని.

ఆవిడ వచ్చాక గ్రూపు మారిపోయింది. ఎవరైనా నాలుగు రోజులు కనబడకపోతే ఫోన్ చేసి కనుక్కునేది. మా వాళ్ళలో ఒకతనికి గుంటూరు ఆస్పత్రిలో ఆపరేషన్ అయితే, దగ్గర్లో ఉన్న ఇంకొకతనికి ఫోన్ చేసి క్యారియర్ పంపించింది. వాళ్ళిద్దరూ బడి వదిలాక ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ఇప్పుడు వియ్యంకుల్లా తిరుగుతున్నారు. వీలు చూసుకుని మా బడికి వెళ్ళి గేటు, చేతిపంపు, రంగు మారిన గోడలు అన్నీ ఫొటోలు తీసి గ్రూపులో పెట్టేది. "అందరం ఒకసారి కలుద్దాం" అని మొదట రాసింది కూడా ఆవిడే.

ఊరికే ఎవరూ ఇంత చేయరు. వెనక ఏదో ఉండాలి. స్థలాలు అమ్మే వ్యాపారమా, ఇన్సూరెన్సా, వచ్చే పంచాయతీ ఎన్నికలా? గ్రూపులో అందరూ "ఎంత మంచి మనసు" అని పొగుడుతుంటే నేను లోపల లెక్కలు వేసుకుంటూ ఉండేదాన్ని.

ఒకరోజు నాకే ఫోన్ వచ్చింది.

"ఏమే, బాగుండావా? నేనే" అంది.

మా ఊరి వాళ్ళు బాగున్నావా అంటారు. బాగుండావా అనేది పడమటి వైపు మాట. నాకు చెవులు నిక్కబొడుచుకున్నాయి. కొట్టు ఎలా సాగుతోంది, మోకాలు నొప్పి తగ్గిందా, అమ్మ దగ్గరికి వెళుతున్నావా అని అన్నీ అడిగింది. నా మోకాలి సంగతి ఈవిడకెవరు చెప్పారు? తానేం చేస్తుందని నేనడిగితే, సింగరాయకొండలో హైవే పక్కన టిఫిన్ హోటల్ ఉందంది. చివర్లో అసలు సంగతికొచ్చింది.

"నీ పుట్టినరోజు ఎప్పుడో చెప్పవే. సర్టిఫికెట్టులోది గాదు, నిజంది."

మా కాలంలో బళ్ళో చేర్చేటప్పుడు హెడ్మాస్టరే ఒక తేదీ వేసేవారు. మా క్లాసులో సగం మంది కాగితం మీద జూన్‌లోనే పుట్టారు. మోసం చేసేవాళ్ళకు కావాల్సింది కాగితం మీద తేదీ గదా, అసలు తేదీతో ఈవిడకేం పని? అది అర్థం కాకపోవడమే నాకు మరీ అనుమానంగా అనిపించింది. నోటికొచ్చిన తేదీ చెప్పాను. నిజానికి నేను మాఘంలో పుట్టాను. ఆవిడకు మాత్రం శ్రావణంలో అన్నట్టు చెప్పాను. ఆవిడ ఒక్క క్షణం ఆగి "సరేలే" అంది.

శ్రావణంలో ఆ రోజు పొద్దున్నే గ్రూపంతా కేకులు, పూలగుత్తులు. నా ఫోన్ మోగుతూనే ఉంది. "ఈ రోజు నీ పుట్టినరోజేంటి?" అని మా ఆయన అడిగితే, "వాళ్ళ ముచ్చట వాళ్ళది, మీరు పప్పులో ఉప్పు చూడండి" అన్నాను.

ఇక ఊరుకోలేక పురుగుమందుల కొట్టుకు ఫోన్ చేశాను. "ఆవిడను గ్రూపులో ఎవరు చేర్చార్రా?"

"నేనే చేర్చా. మా కొట్టుకొచ్చి, నువ్వు ఫలానా బళ్ళో చదివావు గదా, గుర్తుపట్టావా అంది. గుర్తులేదంటే బాగుండదని, ఎందుకు గుర్తులేదమ్మా అన్నా."

"గుర్తుందా మరి?"

"లేదు. నీకు తెలుసేమోలే అనుకున్నా."

ఇంకొకామెకు చేశాను. ఆమె "మగపిల్లల్లో ఎవరికో చుట్టం అనుకుంటా, నన్ను భలే గుర్తుపట్టిందిలే" అంది. మరొకామె "నీ పక్కన కూర్చునేది గదా?" అంది. మర్యాద కోసం ఒక్కొక్కరూ గుర్తుందని అబద్ధమాడి, ఆ అబద్ధాలన్నీ కలిపి ఒక మనిషిని మా క్లాసులో కూర్చోబెట్టారు. పదో తరగతి గ్రూపు ఫొటో తీసి భూతద్దం పెట్టి చూశాను. అందులో ఆవిడ లేదు.

ఆ సంగతి చెప్పేసరికి పురుగుమందుల అతనికి చెమటలు పట్టాయి. అందరి ఫోన్ నంబర్లూ, ఇళ్ళ సంగతులూ ఆవిడ దగ్గర ఉన్నాయి మరి. ఇద్దరం ఒక మాట అనుకున్నాం. అందరం కలిసే ఆత్మీయ సమ్మేళనం రోజున ఆవిడ వస్తుంది. నేను నిలదీసి తేలుస్తాను. మా మనిషి కాదని తేలితే అక్కడికక్కడే గ్రూపులోంచి తీసేసి, అందరికీ చెప్పి పంపించేస్తాడు. "నువ్వు సైగ చెయ్యి చాలు, మిగతాది నేను చూసుకుంటా" అన్నాడు.

సమ్మేళనం మాఘంలోనే పెట్టారు. మా క్లాసు మాస్టారు కూడా వచ్చి, అప్పట్లాగే హాజరు పిలుస్తారని గ్రూపులో రాశారు. ఊళ్ళోకి వెళ్ళేసరికి రోడ్డుకు రెండు పక్కలా కల్లాల్లో మిరపకాయలు ఎండుతున్నాయి. ఆ ఘాటుకు ఆటోలో ఉన్న వాళ్ళందరం తుమ్ముకుంటూనే బడి గేటు దగ్గర దిగాం. గేటుకు ఫ్లెక్సీ కట్టారు. మా అందరి మొహాలకూ రంగులద్దించి, ఉన్న వయసు సగం తగ్గించారు. మూలన బంతిపువ్వు బొమ్మ కూడా ఉంది.

ఆవిడ అప్పటికే వచ్చేసింది. సన్నగా, పొడుగ్గా, ముదురు ఆకుపచ్చ చీరలో, కుర్చీలు తుడుస్తోంది. నన్ను చూడగానే పేరు పెట్టి పిలిచి చెయ్యి పట్టుకుంది. అరచేయి గరుకుగా ఉంది. నేను నవ్వాను గానీ చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

టీ గ్లాసు పట్టుకుని పక్కన చేరి మెల్లగా మొదలుపెట్టాను. "నువ్వు ఎక్కడ కూర్చునేదానివే?"

"వెనకాల, గోడకానుకోని."

"లెక్కలెవరు చెప్పేవారు?"

ఠక్కున చెప్పింది. ఆయన సుద్దముక్క విసిరే తీరు కూడా చేసి చూపించింది. బాగా చదువుకుని వచ్చిందిలే అనుకున్నాను.

"మరి టెన్త్ పరీక్షలు ఏ ఊళ్ళో రాశావు?"

మాకు ఆ పరీక్షల సెంటరు పక్క మండలంలో పడింది. ఎడ్లబండ్ల మీద వెళ్ళి రాశాం. మా బ్యాచ్‌లో అది మరిచిపోయిన వాళ్ళు ఉండరు. ఆవిడ నా మొహంలోకి చూసింది. టీ గ్లాసు కిందపెట్టి, "సారు వస్తన్నట్టుండారు, కుర్చీ ఎయ్యాల" అని వెళ్ళిపోయింది.

దొరికింది. నేను పురుగుమందుల అతని వైపు చూసి తల ఊపాను. అతను జేబులోంచి ఫోన్ తీశాడు.

సరిగ్గా అప్పుడే గేటు దగ్గర హారన్ మోగింది. ముఖ్య అతిథిగా పిలిచిన విద్యాశాఖ అధికారి తెల్లకారు లోపలికొస్తోంది. అందరూ దండలు పట్టుకుని ఎదురెళ్ళారు. ఆవిడ ఒక్కతే అటు వెళ్ళలేదు. కారును చూసింది, వరండా చివర విప్పిన చెప్పులు చేతిలోకి తీసుకుంది, తరగతి గదుల పక్క సందులోంచి వెనక్కి నడిచిపోయింది. పారిపోతోందే అనుకుని వెంటపడ్డాను. నా మోకాలు నొప్పి కూడా గుర్తురాలేదు.

వెనక గోడ అవతల మిరపతోటలే. పారిపోవాలంటే దారి ఉంది. ఆవిడ మాత్రం మా పాత గది కిటికీ కింద, గోడకానుకుని నేల మీద కూర్చుని ఉంది. చెప్పులు పక్కన పెట్టుకుని, చీర కుచ్చిళ్ళు మోకాళ్ళ కిందకు దోపుకుని, చిన్నపిల్లలు కూర్చున్నట్టు కూర్చుంది. నన్ను చూసి లేవబోయింది.

"ఇక్కడేం చేస్తున్నావు?" అన్నాను. గట్టిగానే అన్నాను.

"జీపు వస్తే బయటికి పొమ్మనేవోళ్ళు గదండీ" అంది. నాతో ఏమే అని మాట్లాడిన మనిషి అండీ అంది. "ఇప్పుడూ కారు చూడంగానే కాళ్ళు ఇటే వచ్చినయ్యి. నాకే నవ్వొచ్చింది. మళ్ళా లోపలికి రాబుద్ధి గాలా."

"ఎవరు పొమ్మనేవాళ్ళు?"

"సారే. ఆయన మంచోడండీ. మాది పడమటేపు. మిరపకాయ కోతలకి మా అమ్మా నాయనతో వచ్చేవోళ్ళం, మాఘంలో వచ్చి ఉగాదికి పోయేవోళ్ళం. ఊరికే కల్లంలో కూసుంటే ఏమొస్తదమ్మా, వచ్చి వెనకాల కూసోని ఇనుకో అన్నాడు సారు. మా పేర్లు పుస్తకంలో ఉండవు గదా. తనిఖీకి జీపు వస్తే సారుకి మాటొస్తదని మమ్మల్ని ఈడికి పంపేవోళ్ళు. ఇదే కిటికీ. పాఠం ఇనపడేది."

ఆరో తరగతి నుంచి ఎనిమిది దాకా, మిరప కోతల రోజుల్లో మాత్రమే, ఆవిడ మా క్లాసులో ఉంది. ఆ తర్వాత కోతకు తానూ ఒక కూలీ అయింది. వాళ్ళ ఊళ్ళోనూ బడి ఉండేదట, కాకపోతే వీళ్ళు ఊళ్ళో ఉంటే కదా.

"ఇదంతా ఎందుకు చేశావు మరి? ఫోన్లు, క్యారియర్లు, ఈ కుర్చీలు?" అని అడిగాను. నా గొంతులో ఇంకా పోలీసు పోలేదు.

"నేను కూసున్న బడి ఇదొకటేనండీ. మీరంటే ఇంకా ఎన్నో చదివారు, ఎంతమందో ఉంటారు. మా పిల్లలు అడుగుతారు, అమ్మా, నీ క్లాసోళ్ళు ఎవురూ అని. మీరే." చెప్పులు దగ్గరికి జరుపుకుంటూ అంది: "పది యాడ రాశావని మీరు అడిగారు చూడండి, అప్పుడే అనుకున్నా, తెలిసిపోయిందిలే అని. చెప్పకుండా పోదామనే ఉంది. లోపల మా సారు హాజరు పిలుస్తాడంట గదా, అది ఇని పోదామని కూసున్నా."

అలాంటప్పుడు నాకు తప్పు మాటే నోటికొస్తుంది. "మరి పుట్టినరోజులెందుకు అడిగావు?" అన్నాను.

ఆవిడ మొదటిసారి నవ్వింది. "నీది నాకు తెలుసు. మాఘంలోనే. పసుపుపచ్చ గౌనేసుకోని చాక్లెట్లు పంచావు. వెనకాలున్నోళ్ళకీ పంచావు. అందుకే గుర్తు."

"తెలిసి కూడా శ్రావణంలో ఎందుకు చెప్పావు?"

"నువ్వు చెప్పిన రోజు చెప్పకపోతే, నువ్వు అబద్ధం చెప్పినట్టు అందరికీ తెలిసిపోదా?"

సిగ్గేసింది. ఇంతకంటే వేరే మాట నా దగ్గర లేదు. ఆ పసుపుపచ్చ గౌను నాకు బాగా గుర్తుంది. చాక్లెట్ల పొట్లం గుర్తుంది. వెనక గోడ దగ్గరికి వెళ్ళడం కూడా లీలగా గుర్తుంది. అక్కడ చెయ్యి చాచిన పిల్ల మొహం మాత్రం ఎంత తవ్వినా రాలేదు.

లోపల మాస్టారి గొంతు మొదలైంది. వణుకుతూనే ఉన్నా, పేర్లు అదే వరసలో పిలుస్తున్నారు. తలలు నెరిసిన మా వాళ్ళు లేచి నిలబడి "ప్రెజెంట్ సార్" అంటుంటే నవ్వులు వినబడుతున్నాయి. నా పేరు వచ్చింది.

"పో, పలుకు" అంది ఆవిడ కంగారుగా. "ఆబ్సెంట్ ఏస్తాడు."

నేను ఆవిడ చెయ్యి పట్టుకుని లేపాను. ఈసారి సందులోంచి కాదు, ముందు వరండా మీదుగా తలుపులోంచే తీసుకెళ్ళాను. అధికారి పెద్ద కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఆవిడ చెయ్యి నా చేతిలో బిగుసుకుంది. గదిలో అందరూ మా వైపే చూశారు. నా అనుమానాలు అప్పటికే గ్రూపు మొత్తం పాకినట్టున్నాయి, ఆ చూపులు చూస్తేనే తెలుస్తోంది. పురుగుమందుల అతను ఫోన్ పట్టుకుని, తీసేయమంటావా అన్నట్టు కళ్ళెగరేశాడు.

మాస్టారు కళ్ళజోడు సవరించుకున్నారు. "నువ్వు సరేనమ్మా, ఆ అమ్మాయి ఎవరు?"

"మన క్లాసే సార్. మిరప కోతలకు వచ్చేది, వెనక గోడ దగ్గర కూర్చునేది" అన్నాను. పురుగుమందుల అతని వైపు తిరిగి, అందరికీ వినబడేలా మళ్ళీ చెప్పాను. "నాకు బాగా గుర్తుంది."

నేను ఏదీ రుజువు లేకుండా ఒప్పుకోనని అక్కడ అందరికీ తెలుసు. అతను ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. మాస్టారు ఆవిడ మొహంలోకి చాలాసేపు చూసి, "పేరు చెప్పమ్మా" అన్నారు. చెప్పింది. ఆయన ఆ పేరును మిగతా పేర్లు పిలిచిన గొంతుతోనే పిలిచారు. ఆవిడ పలికింది గానీ, పక్కనున్న నాకు తప్ప ఎవరికీ వినబడి ఉండదు.

ఇద్దరం వెనక్కి వెళ్ళాం. ముందు బెంచీల్లో చోటున్నా ఆవిడ గోడ పక్కకే పోయి కూర్చుంది. నేను ఇంకా నిలబడే ఉన్నాను. తలెత్తి నన్ను చూసి, ఎవరికీ వినబడకుండా అడిగింది.

"ఏమే, నిజంగా గుర్తుండానా?"

"గుర్తున్నావు" అన్నాను.

నమ్మలేదు. నా కళ్ళలోకి చూసి, చీర సర్దుకుని, కొంచెం గోడవైపు జరిగి నాకు చోటిచ్చింది.